గంటకి రెండు నిమిషాలు

“కౌముదీ, ఆ ప్లగ్గు పీకి పక్కన పెట్టవే తల్లీ. కరెంటు ఒక్కసారిగా తన్నుకొచ్చిందంటే ఏమవుతుందో ఏమో. ముందు రానీ, వచ్చి కుదురుకోనీ, అప్పుడు పెట్టుకుందువుగాని.”

పలకలేదు. పలకదని తెలిసే అన్నాను. ఎనిమిది నెలలుగా నేను అనడం, అది వినడం, అంతే. విన్నట్టు కూడా ఉండదు గానీ వింటుంది, ఎందుకంటే మాత్ర వేసుకోవడం మర్చిపోయానని నాలో నేను గొణుక్కుంటే కాసేపటికి నా పక్కన మంచినీళ్ళ గ్లాసు ఉంటుంది. మాట మాత్రం ఉండదు. ఇప్పుడూ అంతే, వాళ్ళ నాన్నగారి బల్ల దగ్గర, ఆయన కుర్చీలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎదురుగా ఆయన మొదలుపెట్టిన గడియారం. గడియారం అంటే గడియారంలా ఏం లేదు, ముళ్ళు లేవు, అద్దం లేదు, టిక్కుటిక్కు లేదు. ఒక చెక్క పలక, దాని మీద జెర్రుల్లాగా కాళ్ళున్న నల్ల ముక్కలు, రంగురంగుల తీగలు, పైన వరసగా నాలుగు గాజు బుడ్లు. లావుపాటి తీగ ఒకటి వెళ్ళి గోడ దగ్గర ప్లగ్గులో దూరింది. స్విచ్చి వేసే ఉంది. పన్నెండుకి పోయిన కరెంటు రెండుకొస్తుంది, ఈ వేసవంతా నరసాపురానికి కోత అదే వేళకి. ఇప్పుడు ఒంటిగంటన్నర. ఈ అరగంటా ఆ తీగలో ఏమీ ఉండదని నాకూ తెలుసు, తెలిసినా దాన్ని చూస్తుంటే కదలకుండా పడుకున్న పాముని చూసినట్టే ఉంది, అది నిద్రలో ఉందో చచ్చిందో దగ్గరికెళ్ళి చూసేదెవరు.

నేను గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఊరికే కాదు, నా వెనక వరండా గోడకి మీటరూ ఫ్యూజులూ ఉన్నాయి, ఏమైనా అయితే రెండడుగుల్లో అందుకోవచ్చు. పక్కన దండెం కర్ర పెట్టుకున్నాను, షాక్ కొట్టిన మనిషిని చేత్తో ముట్టుకోకూడదట, కర్రతో తొయ్యాలట, అది కౌముదే చెప్పింది పాలిటెక్నిక్‌లో చేరిన కొత్తలో, వంటింట్లో నా వెనకే తిరుగుతూ, చెవులు చిల్లులు పడేలా. కాళ్ళకి రబ్బరు చెప్పులు కూడా వేసుకున్నాను. ఈ ఇంట్లో చెప్పులు వేసుకుని తిరిగిన వాళ్ళని ఇరవై అయిదేళ్ళు తిట్టినదాన్ని, ఇవాళ నేనే దేవుడి గూటికి ఎదురుగా చెప్పులేసుకుని కూర్చున్నాను. దేవుడు క్షమిస్తాడు, కరెంటు క్షమించదు. కిటికీలు మూసి తడి తువ్వాళ్ళు కట్టాం, అయినా ఉడుకు ఆగడం లేదు, కౌముది మెడ మీద చెమట ధారగా కారుతోంది, తుడుచుకోవే అనబోయి ఊరుకున్నాను, తడి చేతులతో దాన్ని ముట్టుకుంటుందేమోనని ఇంకో భయం.

ఎనిమిది నెలలు. అందరితోనూ మాట్లాడుతుంది. పాలవాడితో, కూరలమ్మితో, పక్కవాటాలో లేసు అల్లుకునే రత్నమాణిక్యంతో నవ్వుతూనే మాట్లాడుతుంది. మొన్న ఆ రత్నమాణిక్యం గోడ మీంచి తల పెట్టి, “ఏంటండీ పిన్నిగారూ, మీ ఇంట్లోంచి ఒక్క గొంతే వినపడతాది, రేడియో అనుకున్నానండీ బాబూ. మీ అమ్మాయి మా పిల్లితో పావుగంట మాటాడిందండి, మీతో మాటాడదేంటండి?” అంది. వేళాకోళానికే అంది. నాకు మాత్రం అన్నం సయించలేదు ఆ పూట. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి కాకినాడకి ఫోన్ చేసేదాన్ని, ఎవరో పిల్ల పిలుచుకొచ్చేది, “తిన్నావా కౌముదీ, జ్వరమేం లేదుగా” అంటే అటు నుంచి ఊపిరి వినపడేది. ఆ ఊపిరి వినడానికే వారం వారం వెళ్ళేదాన్ని, ఊపిరి ఉందిగా అదే చాలు అనుకునేదాన్ని. ఈ నెల మొదట్లో పరీక్షలైపోయి ఇంటికొచ్చాక రోజూ కాలెండరు కాగితం చింపి దాని వెనక రాస్తుంది, గ్యాసు అయిపోవచ్చింది, కుళాయి కారుతోంది, చిన్నాన్నగారు వచ్చి వెళ్ళారు. చక్కటి చేతిరాత, వాళ్ళ నాన్నగారి రాతే. కాగితాలన్నీ దాచుకున్నాను, ఎందుకు దాచానో నాకే తెలీదు, తిథీ వారం వర్జ్యం ఒకవైపు, నా కూతురు రెండోవైపు.

ఇదంతా ఎందుకో నాకు తెలుసు. ఆ డబ్బా వల్ల. బిస్కెట్ల డబ్బాలో దూది పరిచి అందులో ఆయన ఆ గాజు బుడ్లు దాచుకునేవారు. ఎప్పుడు గడియారం విప్పినా ముందు ఆ నాలుగూ ఊడదీసి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు దూదిలో పెట్టి, మూత మీద చెయ్యి ఒకసారి వేసి అప్పుడు పని మొదలుపెట్టేవారు. ఎక్కడివవి? కాలేజీలో ఫిజిక్సు లాబులో ఆయన ముప్ఫై ఏళ్ళు చేశారు, ఎప్పటిదో ఒక లెక్కలు చూపించే యంత్రం ఉండేదట అక్కడ, పెద్ద ట్రంకుపెట్టెంత, దాన్ని కండెమ్ చేసేసి వేలం వేస్తే ఈయన రిటైరవుతూ తెచ్చుకున్నారు. అందరూ రిటైరైతే శాలువా, వెండి గ్లాసు తెచ్చుకుంటారు. ఈయన రిక్షాలో దాన్ని పెట్టుకుని, తను పక్కన నడుచుకుంటూ వచ్చారు. “మాణిక్యం,” అని నన్ను పిలిచి, “నిక్సీలే నిక్సీలు, ఇప్పుడెక్కడా దొరకవు” అన్నారు. నాకు నక్సలు అని వినపడింది. “వాళ్ళ సామాను మనింట్లో ఎందుకండీ, పోలీసులొస్తే?” అన్నాను. ఆయన నవ్విన నవ్వుకి రత్నమాణిక్యం కూడా పరిగెత్తుకొచ్చింది. తరవాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చూపించారు, బుడ్డి లోపల సన్నటి తీగతో చేసిన అంకెలు, సున్నా నుంచి తొమ్మిది దాకా, మన పూజ గూట్లో పటాల్లాగా ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి, ఏ అంకెని పిలిస్తే ఆ అంకె వెలుగుతుంది, మిగతావి చీకట్లో దాని వెనకే ఉంటాయి. ఏడో తరగతి చదివినదాన్ని, నాకేం అర్థమవుతుంది? కానీ మొదటిసారి వెలిగించిన రోజు అయిదు అంకె వెలిగింది, కుంపట్లో నిప్పు రాజుకున్నట్టు, అటు ఎరుపూ కాదు ఇటు పసుపూ కాదు, చూసి నేను దణ్ణం పెట్టాను. ఆయన నవ్వలేదప్పుడు.

తరవాత చెప్పారు వాటికి నూట ఎనభై ఓల్టులు కావాలని. ఆ మాట ఎందుకు చెప్పారో. ఓల్టంటే ఏంటో తెలీకపోయినా నూట ఎనభై అంటే తెలుస్తుందిగా. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు, వంటింట్లో పోపు వేస్తూ చెవి ఇటే, ఆయన దగ్గితే పరుగు, దగ్గకపోతే పరుగు. నేను అలాంటిదాన్నే మొదటి నుంచీ, బస్సు గోదారి వంతెన ఎక్కితే కళ్ళు మూసుకుంటాను, కౌముదికి జలుబు చేస్తే టైఫాయిడ్ దాకా వెళ్ళిపోతాను, రెండు వేల సంవత్సరం వస్తే లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లో రాస్తే పది రోజులకి సరిపడా బియ్యం, కిరసనాయిలు తెచ్చిపెట్టాను. లోకానికేం కాలేదు. ఆ ఏడాది జూన్‌లో ఆయనకి షాక్ కొట్టింది. చెయ్యి వెనక్కి విసిరినట్టై కుర్చీతో సహా వాలిపోయారు, నేను అరిచిన అరుపుకి నా గొంతు రెండు రోజులు లేవలేదు, ఆయన కింద పడే ఉండి, “మంచిదే, సప్లై బావుంది” అన్నారు. వేలి చివర తెల్లగా చిన్న మచ్చ పడింది. రోజూ దాన్ని చూసేదాన్ని, అన్నం కలుపుకుంటుంటే చూసేదాన్ని, నిద్రపోతుంటే చెయ్యి తిప్పి చూసేదాన్ని.

అప్పుడు మొదలుపెట్టాను ఆ పని. ఎవరికీ చెప్పలేదు, ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఆయన ఆ పలక మీదకి మరీ వంగినప్పుడు, చెయ్యి లోపలికి పెట్టినప్పుడు, నేను చప్పుడు కాకుండా వరండాలోకి వెళ్ళి ఆ పింగాణీ ముక్క పీకేసేదాన్ని. ఫ్యూజు. కొంగులో ముడేసుకుని వచ్చి, “పోయినట్టుందండీ” అనేదాన్ని. “పక్కింట్లో ఫాను తిరుగుతోందే?” అనేవారు. “వాళ్ళది వేరే ఫేజు” అనేదాన్ని, ఆ మాట కూడా కౌముది నేర్పినదే. ఆయన నమ్మేవారు. ముప్ఫై ఏళ్ళు లాబులో ఉన్న మనిషి, నా మాట నమ్మి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చునేవారు. పావుగంటకి నాకే జాలేసి పెట్టేదాన్ని. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. ఆ పావుగంట సేపూ ఆయన క్షేమం నా కొంగులో ఉన్నట్టుండేది. అంత హాయి నాకు మళ్ళీ లేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. గడియారం తయారైంది, వెలిగింది, అంకెలు మారాయి, అంతా బాగానే ఉంది, కానీ వెనకపడుతోంది. వాచీ చూసి సరిగ్గా పెడితే గంటకి రెండు నిమిషాలు వెనక. ఒకరోజు కాస్త తక్కువ, ఒకరోజు మరీ ఎక్కువ. ఆయన నోటుబుక్కు పెట్టారు. తారీకు, వేళ, ఎంత వెనక. విప్పడం, మళ్ళీ టంకం పెట్టడం, ఆ నల్ల ముక్కలు మార్చడం, మళ్ళీ వెలిగించడం, మళ్ళీ వెనక. “తెల్లారగట్ల బానే ఉంటోందే మాణిక్యం, దీపాలు పెట్టే వేళకి మరీ ఈడ్చుకుపోతోంది. ఎక్కడో నా లెక్కలో తప్పుంది” అనేవారు. భోజనం దగ్గర కూడా విస్తట్లో వేలితో గీతలు గీసేవారు. జూలై, ఆగస్టు అదే. మనిషి చిక్కిపోయారు. కుర్రాళ్ళకి లాబులో ఎవడి లెక్క ఎక్కడ తప్పిందో తడుముకోకుండా చెప్పిన మనిషి, తన తప్పు తనకి దొరక్క, ఇంట్లో తల దించుకుని తిరిగారు. ఒకనాడు నేను అన్నాను. అనకూడని మాటే అన్నాను. “బజార్లో కొన్న గడియారాలన్నీ సరిగ్గా తిరుగుతున్నాయి, ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సులో ఉండి మీకొక్కటి చేతకాలేదు, ఇంక కట్టిపెట్టండి మహానుభావా” అన్నాను. మానేస్తారని అన్నాను, ఆ నూట ఎనభై ఓల్టుల నుంచి లేచి వచ్చేస్తారని అన్నాను, వేరే ఉద్దేశం లేదు. ఆయన, “అవునే, చేతకాలేదు” అని మళ్ళీ వంగారు.

అప్పటికీ నాకు తట్టలేదు, ఆయన పోయాకే తట్టింది. ఒకనాడు ఆ నోటుబుక్కు తీశాను. రెండు నిమిషాలు వెనక, రెండు నిమిషాలు వెనక, రెండున్నర వెనక, ఎర్ర సిరాతో గుండ్రంగా అంకెలు. చదువుతూ చదువుతూ ఉంటే నా చెయ్యి కొంగు మీదకి పోయింది. గడియారం తినేది కరెంటు కదా. నేను పీకేదీ అదే. దానికి ముద్ద అందకుండా చేసింది నేను, అది నీరసించి వెనకపడితే ఆయన తన తప్పనుకున్నారు. తల కొట్టుకుంటూ వెతికారు రెండు నెలలు, తప్పేమో నా కొంగులో ముడేసి ఉంది. డాక్టరు గుండె అన్నాడు. గుండే. కానీ గుండెకి ఊరికే వస్తుందా?

అక్టోబరు రాకుండానే, దసరా ఇంకా పది రోజులుందనగా, ఆదివారం పొద్దున్న. “మాణిక్యం, చెయ్యి లాగుతోందే, కాస్త మజ్జిగియ్యి” అన్నారు. చిలికిన మజ్జిగే ఉంది, ఉప్పు వెయ్యనా వద్దా అని అడుగుతూ వచ్చాను, బల్ల మీద తల పెట్టుకుని ఉన్నారు. నేను ముందు ఆయన దగ్గరికి వెళ్ళలేదు. గ్లాసు అక్కడే వదిలేసి వరండాలోకి పరిగెత్తి ఫ్యూజు పీకాను. అది పీకి, పట్టుకుని, అప్పుడు వచ్చాను ఆయన దగ్గరికి. ఆ వెళ్ళి రావడంలో ఎంతసేపు పోయిందో ఎవరు చెప్తారు? ఆయనకి ఆఖరి మాట ఏదైనా వచ్చి ఉంటే అప్పుడే వచ్చి ఉంటుంది. డాక్టరు చెయ్యి చూసి, ఒళ్ళు చూసి, “కరెంటు కాదమ్మా, ప్లగ్గే పెట్టి లేదు” అన్నాడు. నిజమే, పెట్టి లేదు. అయినా నాకు ఆ బుడ్లంటే ఆ రోజు నుంచి కసి. దూదిలో పడుకుని ఉన్నాయి, చల్లగా, తమకేం తెలీనట్టు.

పదకొండో రోజు దానాలు. మా మరిదిగారే కర్మ చేశారు. పరుపు, దిండు, గొడుగు, చెప్పులు, చెంబు అన్నీ వరసగా పెట్టారు, మొగల్తూరు నుంచి వచ్చిన సోమయాజులు గారు పుచ్చుకోవాలి. ఆయనకి ప్రాణమైన వస్తువేదైనా ఉంటే అదీ ఇవ్వమ్మా, అక్కడ ఆయనకి అందుతుంది అన్నారెవరో ఆడవాళ్ళలోంచి. నేను ఆలోచించలేదు. లేచి వెళ్ళి ఆ డబ్బా తెచ్చి పరుపు మీద పెట్టేశాను. ప్రాణమైనది కాబట్టి పెట్టానా, ప్రాణం తీసింది కాబట్టి పెట్టానా, రెండూనా? దానం అంటే ఇంటి నుంచి వెళ్ళిపోతుంది, మళ్ళీ అడగడానికి లేదు, అదొక్కటే తెలుసు నాకు. పన్నెండో రోజు సాయంత్రం చుట్టాలు సద్దుమణిగాక కౌముది ఈ బల్ల దగ్గరికొచ్చి అటూ ఇటూ వెతికి, “డబ్బా ఏదమ్మా?” అంది. “దానంలో ఇచ్చేశానమ్మా” అన్నాను. నా వైపు చూసింది. ఆ చూపు దేనికో పేరు పెట్టలేను, కోపమైతే ఎంత బావుండేది. అంతే, అదే ఆఖరి మాట, డబ్బా ఏదమ్మా.

పరీక్షలై ఇంటికొచ్చిన మర్నాడే బస్సెక్కి మొగల్తూరు వెళ్ళింది. ఎక్కడికో చెప్పలేదు, కాగితం కూడా రాయలేదు, ఆ పూటంతా నేను ఏడు రకాలుగా ఏడ్చాను. సాయంత్రం వచ్చింది, చేతిలో ఒక రవికల గుడ్డ, రెండు అరటిపళ్ళు, ఆ డబ్బా. డబ్బా మూతకి పసుపు బొట్టు. పోయిన వారం ఎనిమిదో మాసికానికి సోమయాజులు గారే భోక్తగా వచ్చి, చేతులు కడుక్కుంటూ చెప్పారు సంగతి. “ఏమమ్మా మాణిక్యాంబా, మీ పిల్ల గట్టిదే సుమా! వచ్చి గుమ్మంలో నిలబడింది, మాట లేదు పలుకు లేదు, కళ్ళంట నీళ్ళు. ఆ డబ్బా నేను మూత కూడా తియ్యలేదు, మందు సీసాలేమో అనుకున్నాను. పుచ్చుకున్న దానం తిరిగిస్తే నాకు దోషం, పుచ్చుకుంటే మీకు దోషం, ఏం చెయ్యాలో తోచక పంచాంగం చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ లోపల్నించి వచ్చి, ఆడపిల్ల ఇంటికొస్తే ఉత్త చేతులతో పంపుతారా అని, బొట్టు పెట్టి, రవికల గుడ్డా అరటిపళ్ళూ పెట్టి, వాటి కింద ఆ డబ్బా పెట్టి ఇచ్చేసింది. శాస్త్రం నాకంటే దానికే బాగా తెలుసు” అని పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కౌముది వంటింట్లో విస్తళ్ళు తీస్తోంది, దాని వీపు చూశాను, కదల్లేదు.

ఆ డబ్బా వచ్చినప్పటి నుంచీ మూడు వారాలు పొద్దస్తమానం ఇదే పని. మంచం కింద నుంచి పలక తీసి దుమ్ము దులిపింది, ఆయన నోటుబుక్కు పక్కన పెట్టుకుంది, ఒక్కొక్క తీగా ఆయన ఎక్కడ పెట్టారో అక్కడే పెట్టింది. ఆయనలాగే టంకం పొగకి తల ఒక పక్కకి వంచుతుంది. నేను ఇక్కడ కూర్చుని చూస్తూనే ఉన్నాను, మనసులో ఫ్యూజు పీకుతూనే ఉన్నాను, చేతులు మాత్రం కట్టుకుని. ఒట్టు, ఈసారి ఒక్కసారి కూడా పీకలేదు. ఈసారైనా సరిగ్గా తిరగాలని. నేను ముట్టుకోకపోతే తిరుగుతుందిగా, తిరిగితే తప్పు నాదేనని తేలిపోతుందిగా. తేలనీ.

గుయ్యిమని ఫాను కదిలింది. రత్నమాణిక్యం ఇంట్లో రేడియో మధ్యలోంచి పాట అందుకుంది. వచ్చింది, కరెంటు వచ్చింది, నేను కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాను, కౌముది కదల్లేదు, నాలుగు బుడ్లలోనూ నాలుగు సున్నాలు ఒక్కసారి కళ్ళు తెరిచాయి. ఏమీ పేలలేదు. వాసన లేదు, పొగ లేదు. మూసిన కిటికీల గదిలో ఆ నాలుగు నిప్పులు. కౌముది ఆయన హెచ్ఎంటీ వాచీ తీసి పక్కన పెట్టింది, ఏదో బొత్తాం నొక్కుతూ నొక్కుతూ రెండు గంటల దగ్గర ఆపింది. పీట మీద కూలబడ్డాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అంకె మారినప్పుడల్లా వెనకనుంచి ఇంకొకటి ముందుకొచ్చినట్టుంటుంది, ముందున్నది ఎటు పోతుందో తెలీదు. నేను జపం చేస్తున్నానో లెక్కపెడుతున్నానో నాకే తెలీకుండా పెదాలు కదులుతున్నాయి. పదకొండు, పన్నెండు. బానే ఉంది. పదిహేను అంటే పదిహేనే అనిపించింది ఇక్కణ్ణుంచి. మెల్లగా లేచి వచ్చి దాని భుజం వెనక నిలబడ్డాను, ఎన్నాళ్ళయిందో అంత దగ్గరగా నిలబడి, దాని నెత్తి మీద కొబ్బరినూనె వాసన. వాచీ చూశాను. పెద్దముల్లు సరిగ్గా ఆరు మీద ఉంది, రెండున్నర. బుడ్లు చూశాను. రెండు, ఇరవై తొమ్మిది. మళ్ళీ వాచీ చూశాను.

వెనకే. నేను ముట్టుకోకపోయినా వెనకే. ఇంకెక్కడుంది తప్పు, నా పాపం గడియారానికి అంటుకుని పోవడం లేదా ఏం? ఆయన వంగిన వీపూ ఈ పిల్ల వంగిన వీపూ ఒకటే అయిపోయి కనిపించాయి, ఇదీ ఇక వెతుకుతుంది, ఇదీ నోటుబుక్కు పెడుతుంది, ఇదీ చిక్కిపోతుంది. ఇంక నోరు ఆగలేదు.

“కౌముదీ, విప్పకే. మళ్ళీ విప్పకు. నీ తప్పు కాదు, మీ నాన్నగారిదీ కాదు. నేనమ్మా. ఫ్యూజు నేనే పీకేదాన్ని. ఆయన చెయ్యి లోపల పెడితే భయమేసి, రోజూ పీకేసి, పోయిందని అబద్ధం చెప్పేదాన్ని. నా వల్లే అది వెనకపడింది. చేతకాలేదని కూడా నేనే అన్నాను. నాతో మాట్లాడకు, జన్మలో మాట్లాడకపోయినా ఫరవాలేదు, కానీ దాన్ని మాత్రం విప్పకే తల్లీ.”

ఫాను తిరుగుతోంది. తువ్వాలు చివర నుంచి నీటిబొట్టు ఒకటి కింద పడింది. ఇరవై తొమ్మిది పోయి ముప్ఫై వచ్చింది.

“ఫ్యూజు పీకితే సున్నాలకొచ్చేస్తుందమ్మా,” అంది. “వెనకపడదు.”

మాట అర్థం కాలేదు నాకు. అమ్మా అన్నది మాత్రం వినపడింది. పాలవాడితో నవ్వుతూ మాట్లాడే గొంతు కాదది, మారిపోయింది, లావైంది, పెద్ద ఆడదాని గొంతులా ఉంది, ఈ ఎనిమిది నెలల్లో ఎప్పుడు మారిందో నాకు తెలీలేదు. భయమేసింది, కదిలితే మళ్ళీ ఆగిపోతుందేమోనని. నిలబడ్డచోటే నిలబడి, “మరి?” అన్నాను.

“కరెంటు సెకనుకి యాభైసార్లు కొట్టుకోవాలమ్మా, గుండెలాగా. నాన్నగారు ఆ దెబ్బలు లెక్కపెట్టి యాభైకి ఒక సెకను అని పెట్టారు. అది కరెక్టే, పుస్తకంలోనూ అదే ఉంటుంది. మనకొచ్చేదే యాభై లేదు. నలభై ఎనిమిది, నలభై ఎనిమిదిన్నర. వాడకం ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. మొత్తం ఇన్ని జిల్లాలకీ అలాగే వస్తోంది. ఆయన లెక్కలో తప్పే లేదు.”

దీపాలు పెట్టే వేళ. ఊరంతా ఒక్కసారి దీపాలు వేసే వేళ ఆయన ఈ కుర్చీలో కూర్చుని తన తప్పు వెతుక్కున్నారు. తప్పే లేదు. నాకు ఊపిరి తేలికవ్వాలి, అవలేదు. ఈ మాట ఆయన వినుంటే ఎలా నవ్వేవారో, రత్నమాణిక్యం పరిగెత్తుకొచ్చేలా నవ్వేవారు, ఏదీ ఆ నోటుబుక్కు ఇలా తే అనేవారు.

“మీ నాన్నగారికి తెలుసా ఇది?” అన్నాను.

ముప్ఫై ఒకటి వచ్చింది. ముప్ఫై రెండు వచ్చింది. మళ్ళీ దాని నోరు మూసుకుపోయింది అనుకున్నాను, అడగకుండా ఉండాల్సింది అనుకున్నాను. దాని భుజాలు వణుకుతున్నాయి, కర్ర ఎక్కడ పడేశానో, షాక్ కొట్టిందేమోనని ఒక్క క్షణం, కాదు, చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ముప్ఫై మూడు. భుజం మీద చెయ్యి వేశాను. తొయ్యలేదు. ముప్ఫై నాలుగు కూడా వచ్చింది.

“తెలీదు. నాకు తెలుసు. ఆ సెప్టెంబరులో ట్రైనింగని సబ్‌స్టేషన్‌కి తీసికెళ్ళారు మమ్మల్ని. అక్కడ మీటర్లో ముల్లు నలభై ఎనిమిది మీద ఉంది. చూడగానే అర్థమైపోయింది నాకు. దసరా సెలవులకి ఇంక పదిహేను రోజులేగా, ఫోన్లో చెప్పేస్తే ఏముంటుంది, ఇంటికొచ్చి ఆయన మొహం చూస్తూ చెప్దామని దాచుకున్నానమ్మా.”